ముళ్లు రాల్చే జీవం

పొద్దున్నే ఉప్పునీళ్ల అద్దాల తొట్టి ముందు వంగి చూసిన హరికృష్ణకి ఇసుకలో ముళ్లు కనిపించాయి. ఒకటీ అరా కాదు, సూదుల డబ్బా బోర్లించినట్టు చెల్లాచెదురుగా పడి ఉన్నాయి. వాటికి జానెడు దూరంలో రాతి మొదట్లో సముద్రపు ముళ్లజీవి, సీ అర్చిన్, కదలకుండా ఉంది. నిన్న సాయంత్రం ఒళ్లంతా ముళ్లతో నల్లటి బంతిలా తిరిగింది. ఇప్పుడు ఒక పక్క బోడిగా, గొరిగిన తలలా ఉంది.

మొదటిది ఇలాగే పోయింది. రెండోదీ అంతే. ముందు ముళ్లు వాలుస్తుంది, తర్వాత రాలుస్తుంది, ఆఖరికి రాయిని పట్టుకున్న పట్టు వదిలేసి ఇసుకలో దొర్లుతుంది. ఇది మూడోది. గిద్దలూరులో అక్వేరియం దుకాణం పెట్టుకున్న అస్లాం చెన్నై నుంచి బస్సులో తెప్పించి ఇచ్చాడు. ఇస్తూనే, ఇదీ పోతే మళ్లీ అడగొద్దని, జీవాన్ని చంపేదానికి తెప్పిస్తున్నట్టుందని మొహం మీదే చెప్పాడు. హరికృష్ణకి కోపం రాలేదు. తనకీ అలాగే ఉంది. ఇది కూడా పోతే తొట్టి ఖాళీ చేసి, అద్దాలు తుడిచి, ఎవరికైనా ఇచ్చేయాలని అప్పుడే అనుకున్నాడు.

అనుకోవడం తేలికే. ఇంటికి రాగానే కూర్చోవడానికి అతనికి ఇంకో చోటు లేదు.

మార్కాపురం చుట్టుపక్కల మండలాల్లో తాగునీళ్ల పని చూసే ఇంజనీరు అతను. ఎండాకాలం అతని పని ఒకటే. నీళ్లున్న చోట పట్టి, లేని చోటికి ట్యాంకర్లలో పంపడం. పుల్లలచెరువు అవతల అడవి అంచు ఊళ్ల నుంచి తెల్లారకముందే ఫోన్లు మొదలవుతాయి. నీళ్లు వచ్చాయని ఇంతవరకూ ఎవరూ ఫోన్ చేయలేదు. రాలేదనే చేస్తారు. రోజంతా ఆ మాటే విని ఇంటికొచ్చి తొట్టి ముందు కుర్చీ వేసుకుంటే, అక్కడ నీళ్లు ఉన్నచోటే ఉంటాయి. పగడాల మధ్య రెండు నారింజ రంగు చేపలు తిరుగుతుంటాయి. సీ అర్చిన్ రాళ్ల మీది పాచి గీక్కుని తింటూ, గడియారం ముల్లు కంటే నెమ్మదిగా నడుస్తుంటుంది. దానికి ట్యాంకర్ అక్కర్లేదు.

దాన్ని ఇంట్లో ఇంకొకరు కూడా చూసేవాళ్లు. అతని తల్లి చెంచమ్మ.

చెంచమ్మ పుల్లలచెరువు పక్క ఊళ్లో గొర్రెలు కాసిన మనిషి. ఆ ఊరి బోరునీళ్లలో ఫ్లోరైడు ఎముకల్లోకి దిగి, మోకాళ్లు వంకర తిరిగి, మంద వెంట నడవలేని స్థితికి వచ్చాక కొడుకు ఇంటికి వచ్చింది. సముద్రాన్ని ఆమె చూసింది లేదు. సీ అర్చిన్‌కి ఉమ్మెత్తకాయ అని పేరు పెట్టింది. అది నెత్తిన గవ్వపెంకులు, రాతిముక్కలు ఎత్తుకుని తిరుగుతుంటే, గుంటూరు పక్కకి మిరపకాయల కోతకి పోయే మనిషి కూడా ఇన్ని మూటలు మోయదని నవ్వేది. అది పాచి మేస్తుంటే మాత్రం నవ్వేది కాదు. మేసే జీవం ఏదైనా ఆమెకు లెక్కే.

ఇంట్లో ఆమెకి ఉన్న పని కూడా దానిదే. మార్కాపురం ఎండకి తొట్టి నీళ్లు వేడెక్కకుండా హరికృష్ణ రెండు చిన్న ఫ్యాన్లు బిగించాడు. ఆ గాలికి రోజూ అర బిందెడు నీళ్లు ఆవిరైపోతాయి. నీళ్లు పోతాయి గానీ ఉప్పు పోదు. అందుకని పోయినన్ని మంచినీళ్లు మళ్లీ పోయాలి. తాను తెల్లారుజామునే వెళ్లిపోతాడు, భార్య పావని ప్రైవేటు స్కూల్లో టీచరు, ఎనిమిదికల్లా బయల్దేరుతుంది. కాబట్టి అద్దం మీద గీత గీసి, ఫిల్టరు మిషను నీళ్లు ఈ గీత వరకూ పొయ్యమని తల్లికి చెప్పాడు. దానికని తెల్ల ప్లాస్టిక్ క్యాన్ ఒకటి పెట్టాడు. ఆమెని వంట దగ్గరికి రానివ్వరు, బట్టల దగ్గరికి రానివ్వరు. చెంచమ్మ ఆ పనిని గట్టిగా పట్టుకుంది. ఒక్కరోజు కూడా నీళ్లు గీత దిగలేదు.

మరి ఎందుకు చస్తున్నాయి?

హరికృష్ణ రాలిన ముళ్లని చిన్న వలతో ఎత్తాడు. నీళ్లలో ఉప్పు చూశాడు, వేడి చూశాడు, ఇంట్లో ఉన్న పరీక్ష మందుల సీసాలన్నిటితో పరీక్షలు చేశాడు. అన్నీ సరిగ్గానే ఉన్నాయి. చేపలు నిక్షేపంగా ఉన్నాయి. ఆ మధ్య నత్తలు కూడా ఒకదాని వెనక ఒకటి పోయిన సంగతి గుర్తొచ్చింది. ఇంట్లో ఎవరో ఏదో చేస్తున్నారు. ఆ ఆలోచన రాగానే కళ్లు నేరుగా అలమార మీద ఉన్న దోమల మందు డబ్బా మీదికి పోయాయి.

ఊపి చూశాడు. ఖాళీ.

వంటింట్లో పావని టిఫిన్ డబ్బాకి మూత పెడుతోంది. హాల్లో దోమల మందు కొట్టావా అని అడిగాడు. కొట్టలేదంది. మరి డబ్బా ఎందుకు ఖాళీ అయిందన్నాడు. మంచాల కింద కొట్టానంది. మంచం కింద కొడితే గాలికి హాల్లోకి రాదా అని అతను గొంతు పెంచాడు.

పావని డబ్బా బల్ల మీద పెట్టి అతని వైపు తిరిగింది. "ఈ ఇంట్లో మనిషికి దోమ కుడితే ఎవురూ టార్చి వేసి చూడరు. ఆ ఉమ్మెత్తకాయకి ముల్లు రాలితే మాత్రం పంచాయితీ. నేను కొట్టలేదంటే కొట్టలేదు."

అతను వినలేదు. మిగిలిన కొత్త డబ్బా కూడా తీసి జీపులో పడేసుకున్నాడు. ఆ పూట పావని అతనికి క్యారేజీ కట్టలేదు.

మధ్యాహ్నం గిద్దలూరులో పనుంది. పోతూ పోతూ సీసాలో తొట్టి నీళ్లు పట్టుకుపోయి అస్లాం ముందు పెట్టాడు. అస్లాం దుకాణంలో బేరగాళ్లు లేరు. సీసా వెలుతురులో పెట్టి చూసి, చేపలు ఎట్లున్నాయని అడిగాడు. బాగున్నాయని హరికృష్ణ చెప్పాడు. నత్తలు? పోయాయి.

"అయితే రాగి అన్నా," అన్నాడు అస్లాం. "చేపలకి రోగమొస్తే మేమే రాగి మందు పోస్తాం. చేప తట్టుకుంటాది. ముండ్లయి, నత్తలు తట్టుకోలేవు. మందేమన్నా పోసినవా?"

పోయలేదన్నాడు. అస్లాం గాజు గొట్టంలో కాసిని నీళ్లు పోసి, దాంట్లో మందు చుక్కలు వేసి ఊపాడు. నీళ్లు నెమ్మదిగా నీలం తిరిగాయి.

రాగి ఉన్నట్టే. హరికృష్ణ ఆ నీలాన్ని చూశాడు. ఉద్యోగంలో చేరినప్పటి నుంచి ఊరూరా నీళ్లు పట్టి ఫ్లోరైడు చూశాడు, ఉప్పు చూశాడు, మురుగు చూశాడు. ఈ నేల మీద రాగి కోసం ఎవరూ వెతకరు. అతనూ వెతకలేదు.

అస్లాం చెప్పాల్సింది చెప్పాడు. ఇవాళే దాన్ని తొట్టిలోంచి తీసేయాలి. కొత్త బకెట్లో కొత్తగా ఉప్పు కలిపిన నీళ్లలో పెట్టాలి. బతికితే బతుకుతుంది. మళ్లీ ఆ తొట్టిలో వేయకూడదు. ఎన్ని నీళ్లు మార్చినా, రాళ్లు పీల్చుకున్న రాగిని కొంచెం కొంచెంగా వదులుతూనే ఉంటాయి. అందులో ఇక చేపలే.

ఇంటికొచ్చిన హరికృష్ణ అలసట సంగతి మరిచి పనిలో దిగాడు. కొత్త బకెట్లో నీళ్లు, ఉప్పు కలిపాడు. గాలిబుడగల మోటారు పెట్టాడు. సీ అర్చిన్ కింద గిన్నె పెట్టి, నీళ్లలోంచి బయటికి తేలకుండా ఎత్తి, కాస్త కాస్తగా కొత్త నీళ్లు అలవాటు చేసి బకెట్లోకి దించాడు. బకెట్‌కి కూడా ఒక గీత గీసి తొట్టి పక్కనే పెట్టాడు. చెంచమ్మ కుర్చీలోంచి అంతా చూసింది. గొర్రెకి జబ్బు చేస్తే విడిగా కట్టేసినట్టు చేశావని మెచ్చుకుంది.

తర్వాత, దేనికోసమో ఎవరికీ చెప్పకుండా, రాగి కోసం ఇల్లు గాలించాడు. నీళ్ల మిషను విప్పాడు, అంతా ప్లాస్టిక్కే. మోటార్ల వైర్లు పట్టి పట్టి చూశాడు, ఎక్కడా తొడుగు చిరగలేదు. ఫ్యాన్లు విప్పాడు, తొట్టి మూత విప్పాడు, కుళాయి మార్చాడు. విప్పినవన్నీ మళ్లీ బిగించేసరికి నడుము విరిగినంత పనైంది. దొంగ దొరకలేదు. పావని అటూ ఇటూ తిరుగుతూ చూసింది గానీ మాట కలపలేదు.

ఒకటి మాత్రం మంచి జరిగింది. మరుసటి రోజుకి సీ అర్చిన్ బకెట్ గోడని పట్టుకుంది. ఆ మర్నాడు బెత్తెడు పైకి పాకింది. ముళ్లు రాలడం ఆగింది. హరికృష్ణ బకెట్ పక్కన నేల మీదే కూర్చుని ఫోన్లు మాట్లాడాడు.

ఆ వారంలోనే ఒకరోజు ముండ్లమూరు మీటింగుకని బయల్దేరాడు. మీటింగు వాయిదా పడిందని సగం దారిలో ఫోన్ వచ్చింది. జీపు వెనక్కి తిప్పాడు. ఇంటికొచ్చేసరికి తొమ్మిది దాటింది. పావని వెళ్లిపోయింది. తలుపు దగ్గరగా వేసి ఉంది. చెప్పులు విడిచి లోపలికి అడుగుపెట్టాడు.

చెంచమ్మ ఒక చేత్తో తొట్టి బల్లని పట్టుకుని, వంకర కాళ్ల మీద ఆనుకుని నిలబడి ఉంది. పక్కన స్టూలు మీద తళతళలాడే రాగిబిందె. తొట్టి నీళ్లు అప్పుడే గీతకి వచ్చాయి. ఫ్యాన్ల గాలి తగలని బకెట్లో నీళ్లు గీత దిగింది ఆ రోజే. ఆమె బిందెలో రాగిచెంబు ముంచి, బకెట్ వైపు వంగింది. చెంబు అంచు నుంచి నీళ్లు జారబోతున్నాయి.

"అమ్మా, ఆపు."

రెండంగల్లో పోయి చెంబు లాక్కున్నాడు. నీళ్లు బండల మీద పడి మంచం కిందికి పారాయి. బకెట్లో ఒక్క చుక్క పడలేదు.

చెంచమ్మ బిత్తరపోయింది. "ఏంది నాయనా? ఏమైంది?"

"ఏం నీళ్లవి?"

"మంచియే. మిషను నీళ్లే. నిన్ననే పట్టి పెట్టినా." తప్పు చేయలేదని తెలిసేసరికి ఆమె గొంతు తేరుకుంది. "ఆ ప్లాస్టిక్ క్యాను నీళ్లు వాసనొస్తాండాయి. ప్లాస్టిక్కు మంచిది గాదని టీవీలో డాక్టరు చెప్పలా? మిషను నీళ్లల్లో సత్తువ గూడ ఉండదంట. రాగిలో నిలవుంటే సత్తువ వస్తాదని గద పావని నా మోకాళ్లకి ఈ బిందె కొనిచ్చింది. అందుకే నాకు సగం, దానికి సగం. తల్లి లేని జీవం, దానికెవురు పెడతారు?"

హరికృష్ణ చెంబు స్టూలు మీద పెట్టాడు. ఇల్లంతా విప్పి బిగించాడు గానీ, వంటింట్లో గట్టు మీద ఎదురుగా కూర్చున్న బిందె కంటికి ఆనలేదు. లెక్క దానంతట అదే బోధపడింది. రాత్రంతా రాగిలో నిలిచిన నీళ్లు. రోజూ బిందెలో సగం. ఫ్యాన్ల గాలికి నీళ్లు పోతాయి, రాగి పోదు. నెలల తరబడి ఆమె ప్రేమ కొద్దీ పోసిందంతా అందులోనే పేరుకుంది. మనిషికి మందు, దానికి విషం.

చెప్పాలని నోరు తెరిచాడు. తన వైపే చూస్తున్న ముసలి మొహం చూసి మాట మింగేశాడు. మింగిన మాట ఇంకో రూపంలో బయటికొచ్చింది. "ఇంకమీదట నువ్వు దీన్ని ముట్టుకోవద్దు. నీళ్లు నేనే పోసుకుంటా."

ఆమె ఎందుకని అడగలేదు. తడిచేతిని పైటకి తుడుచుకుంటూ పోయి మంచం మీద కూర్చుంది.

సాయంత్రం పావని రాగానే వంటింట్లోకి పిలిచి సంగతంతా చెప్పాడు. నీ మీద అనుమానపడ్డానన్నాడు. పావని చాలాసేపు బిందె వైపే చూసింది. కొన్నది తనే మరి. తర్వాత, ముందు ఆ దోమల మందు డబ్బా జీపులోంచి తెచ్చి ఇవ్వండి, మీ పక్క మీదే ఎక్కువ దోమలున్నాయి అంది. అతను పోయి తెచ్చి ఇచ్చాడు. దాంతో వాళ్లిద్దరి మధ్య గొడవ ముగిసింది.

చెంచమ్మకి చెప్పడమా మానడమా అన్నది మిగిలింది. చెప్పొద్దని పావని గట్టిగా అంది. గొర్రెపిల్ల చస్తే అన్నం ముట్టని మనిషి, తన చేతుల మీదుగా రెండు పోయాయని తెలిస్తే తట్టుకోలేదంది. హరికృష్ణకీ అదే బాగుందనిపించింది. నిజానికి చెప్పే ఓపిక లేదు. రోజంతా జనానికి లేవు, రావు, కావు అని చెప్పి చెప్పి అతని నోరు అలిసిపోయి ఉంది.

మర్నాటి నుంచి తెల్లారకముందే లేచి తనే తొట్టికీ బకెట్‌కీ నీళ్లు పోసి పోయాడు. సీ అర్చిన్ తేరుకుంటోంది. చెంచమ్మ మాత్రం తొట్టి ముందు కూర్చోవడం మానేసింది. కుర్చీ గుమ్మం వైపు తిప్పుకుంది. బిందె నీళ్లు తాగడం కూడా మానేసింది. ఇవి తాగి నేను ఎవరికి పనికిరావాలి అందట. అన్నంలో చెయ్యి పెట్టి కెలికి లేచిపోతోంది. పావని బతిమాలితే, ఆకలి లేదంటుంది.

మూడో రోజు సాయంత్రం అతను ఇంటికొచ్చేసరికి ఆమె సంచీలో చీరలు సర్దుకుంటోంది.

"నన్ను ఊరికి పంపించు నాయనా. మా తమ్మునింట్లో ఉంటా. ఈడ నేను చేసే పనేముంది?"

హరికృష్ణ ఫోను మోగింది. ట్యాంకరు డ్రైవరు. ఫోను కట్టేసి జేబులో పెట్టుకున్నాడు. తల్లి మంచం పక్కన నేల మీద చతికిలబడ్డాడు.

"నిన్ను నీళ్లెందుకు పోయొద్దన్నానో తెల్సా అమ్మా?"

"తెల్సులే. చేతులు వణుకుతాండాయి గద. కింద పోస్తాననేగా."

"నీ చేతుల్లో ఏం లేదు. ఆ బిందె. రాగి నీళ్లు మనిషికి మంచియ్యే. దానికి విషం. దానివల్లనే ముండ్లు రాలినాయి."

చెంచమ్మ చేతిలో చీర మడత అలాగే ఉండిపోయింది.

"ముందు పోయినయ్యి గూడ?"

"అయ్యి గూడ."

ఆమె కళ్లు తుడుచుకుంది గానీ ఏడవలేదు. కాసేపటికి కొడుకు తల మీద మొట్టికాయ వేసింది. చిన్నప్పుడు మేకపిల్లని వదిలేసి వచ్చినప్పుడు వేసినంత గట్టిగా వేసింది.

"చెప్తే ఆ పొద్దే మానేసేదాన్ని గదరా. తెలవక పోస్తి. తెలిసినంక పోస్తానా? నా చేతులు పనికిరాకుండా పోయినాయనుకొని ఇన్నాళ్లూ కుమిలిపోతి."

ఆమె లేచి, గోడ పట్టుకుని నడిచి బకెట్ దగ్గరికి పోయింది. చాలాసేపు వంగి చూసింది. దాన్ని మళ్లీ తొట్టిలో ఎప్పుడు వేస్తావని అడిగింది. అస్లాం చెప్పినదంతా అతను చెప్పాడు. రాళ్లన్నీ పారేసి, ఇసుక పారేసి, తొట్టి కడిగి మొదటి నుంచి కట్టుకోవాలి. చెబుతుంటేనే అతని భుజాలు కుంగిపోయాయి. అయినా కడతాననే అన్నాడు. ఈ ఎండాకాలం పోనీ, తర్వాత కడతానన్నాడు.

"దొడ్లో జీవాలు వరసగా పోతాంటే మేం కొత్త దొడ్డి కట్టేంతవరకు కూర్చోం," అంది చెంచమ్మ. "ఉన్నదాన్ని ఇంకో మందలో కలుపుతాం. నీకు ఓపికెప్పుడొస్తాదో, ఇది అప్పటిదాకా బకెట్లో ఉండాల్నా? ఇచ్చినాయన దగ్గరికే తోలుకొని పో."

అతను తొట్టి వైపు చూశాడు. రెండు చేపలు తిరుగుతున్నాయి. సాయంత్రాలు ఇక వాటినే చూడాలి. పోట్లాడే ఓపిక లేకనో, తల్లి మాట నిజమనిపించో, సరే అన్నాడు.

ఆదివారం గిద్దలూరు బయల్దేరారు. పావని సంచీలోని చీరలు తీసి మళ్లీ అలమారలో పెట్టేసింది. బకెట్ వెనక పెడతానంటే చెంచమ్మ ఒప్పుకోలేదు. ముందు సీట్లో కూర్చుని రెండు పాదాల మధ్య పెట్టుకుని, అంచు మీద చెయ్యి వేసింది. గుంతలొచ్చినప్పుడల్లా మెల్లగా పోనీయమంది.

అస్లాం ఎదురొచ్చి బకెట్ అందుకోబోయాడు. చెంచమ్మ ఇవ్వలేదు. కొడుకు భుజం పట్టుకుని, ఒక్కో మెట్టూ ఎక్కి దుకాణంలోకి వచ్చి, తన కాళ్ల దగ్గర బకెట్ పెట్టించుకుని స్టూలు మీద కూర్చుంది. చుట్టూ ఉన్న అద్దాల పెట్టెలన్నిటినీ చూసింది.

"నీళ్లు దేంట్లో పట్టి పెడతావు నాయనా?"

"డ్రమ్ములో అవ్వా. ప్లాస్టిక్ డ్రమ్ము."

"యాడుంది?"

అస్లాం హరికృష్ణ మొహం చూశాడు. చూపించమన్నట్టు అతను తల ఊపి, తలుపుకి చేరగిలబడ్డాడు. వెనక గదిలో నీలం డ్రమ్ము ఉంది. చెంచమ్మ లేచి అక్కడిదాకా నడిచింది. మూత ఎత్తించి లోపలికి తొంగి చూసింది. చెంబేదని అడిగి, ప్లాస్టిక్ మగ్గు చేతిలోకి తీసుకుని తిప్పి చూసింది. డ్రమ్ము అంచు చుట్టూ వేలితో తడిమింది. తర్వాత తిరిగి వచ్చి స్టూలు మీద కూర్చుని, బకెట్ మీద చెయ్యి వేసింది.

"సరే, తీసుకో," అంది.